ఒకే ఒక్క వ్యతిరేక ఓటు

వైస్రాయ్ లిట్టన్ వస్తున్నారనగానే పుణె మునిసిపాలిటీలో హడావుడి మొదలైంది. స్వాగత సన్నాహాలకు వెయ్యి రూపాయలు ఖర్చు చేద్దామన్నారు అధ్యక్షులు. జోతిరావు ఫూలే ఒప్పుకోలేదు. ఆ డబ్బు పేదపిల్లల చదువుకు ఇవ్వమన్నారు. నామినేటెడ్ సభ్యులు 32 మందిలో తీర్మానాన్ని వ్యతిరేకించింది ఆయనొక్కరే.

ఫూలే పేరు చెబితే 1848లో బాలికల కోసం తెరిచిన బడి గుర్తొస్తుంది. 1876 నుంచి కొన్నేళ్లపాటు ఆయన మునిసిపల్ సభ్యుడని చాలామందికి తెలియదు. ఆ పదవి వచ్చేనాటికే ఊరి కష్టాలు ఆయనకు కొత్త కావు. ఊళ్లో నీళ్లు ఎవరికి దొరుకుతాయో, ఎవరికి దొరకవో తెలుసు కాబట్టే 1868లో తన ఇంటి నీళ్లను అంటరానివారికి అందుబాటులోకి తెచ్చారు.

సభ్యుడయ్యాకా అదే చూపు. ఊళ్లో మద్యం దుకాణాలు పెరుగుతుంటే 1880లో మునిసిపాలిటీకి లేఖ రాశారు. ఒకపక్క ప్రజారోగ్యానికి ఖర్చు పెడుతూ, మరోపక్క కాపురాలు కూల్చే తాగుడు పెరుగుతుంటే చూస్తూ ఊరుకోవడం ఏమిటన్నది ఆయన బాధ.

ఫూలేను ఆ కుర్చీలో కూర్చోబెట్టింది జనం కాదు, ప్రభుత్వం. అయినా ప్రభుత్వాధినేత స్వాగతానికే అడ్డుచెప్పారు. 1993లో అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణతో మునిసిపాలిటీలకు రాజ్యాంగ హోదా, మహిళలకు కనీసం మూడోవంతు సీట్లు దక్కాయి. ఇప్పటి కౌన్సిలర్లు గడపగడపకూ తిరిగి, ఓట్లడిగి గెలిచినవారు. కాదనే హక్కు వారికి ఫూలే కన్నా ఎక్కువే. తీర్మానం కింద ‘ఏకగ్రీవం’ అని రాయించే ముందు ఆ వెయ్యి రూపాయల సంగతి ఒక్కసారి తలచుకుంటే చాలు.