ఓడ ఎక్కే ముందు

మా ఇంట్లో ఓడ అంటే రంగూన్ ఓడే. మావారి తాతగారు పంతొమ్మిదేళ్ళ వయసులో గోపాల్‌పూర్ రేవులో ఓడ ఎక్కి బర్మా వెళ్ళారు. ఆ రోజుల్లో అక్కడ పెద్ద ఓడలు ఒడ్డుకు వచ్చేవి కావు. దూరంగా లంగరు వేసుకుని నిలబడితే, మనుషులనూ మూటలనూ పడవల్లో కెరటాలు దాటించి ఎక్కించేవారట. 1942లో జపాను సైన్యం బర్మాను ఆక్రమించినప్పుడు ఆయన అడవుల వెంట కాలినడకన తిరిగి వచ్చారు. మళ్ళీ ఓడ ఎక్కలేదు గాని, ఓడ కథలు మాత్రం చివరిదాకా మనవరాలికి చెబుతూనే ఉన్నారు. ఆ మనవరాలే మా ఆడపడుచు, మా పెద్ద వదిన. ఇప్పుడు ఆవిడకు డెబ్భై దాటాయి. నేను కాపురానికి వచ్చిన నాటి నుంచీ "ఒక్కసారైనా ఓడ ఎక్కాలే" అనే మాట ఆవిడ నోట వింటూనే ఉన్నాను.

మన బరంపురం వాళ్ళలోనూ, మన పత్రిక చదివే ఇతర ఊళ్ళ వాళ్ళలోనూ ఇప్పుడు చాలామంది పిల్లలు పై దేశాల్లో ఉన్నారు. చూడబోయిన తల్లిదండ్రులను "క్రూజ్"కు, అంటే విహార నౌకలో షికారుకు, తీసుకువెళ్ళడం మామూలైంది. అందుకని మాకు కలిగిన ఆనందంతో పాటు మేము చేసిన పొరపాటు కూడా దాచకుండా రాస్తున్నాను.

2024 జూన్‌లో మావారు, నేను, వదిన సియాటిల్‌లో ఉన్న మా అబ్బాయి దగ్గరకు వెళ్ళాము. వదినకు అదే మొదటి విదేశీ ప్రయాణం. అబ్బాయి ముందే అలాస్కా ఓడకు నాలుగు టిక్కెట్లు కొని ఉంచాడు. ఏడు రాత్రుల ప్రయాణం. కోడలికి సెలవు దొరకక పిల్లలతో ఇంట్లోనే ఉండిపోయింది. బయలుదేరే రోజున వదిన తెల్లవారుజామునే లేచి, తలంటుకుని, బరంపురం పట్టుచీర కట్టుకున్నారు. దాని మీద కోడలి ఉన్ని కోటు.

రేవు దగ్గర కాగితాలు చూసే అమ్మాయి మా పాస్‌పోర్టులు తిరగేసింది. మావారికీ నాకూ అంతకు ముందు టొరాంటోలో మా అమ్మాయి దగ్గరకు వెళ్ళినప్పుడు వేయించుకున్న కెనడా వీసా ఉంది, గడువు ఇంకా తీరలేదు. అబ్బాయికి గ్రీన్ కార్డు ఉంది కనుక కెనడా వీసా అక్కరలేదు. వదిన పాస్‌పోర్టులో అమెరికా వీసా ఒక్కటే ఉంది. "ఈవిడ కెనడా వీసా ఏదీ?" అని అడిగింది. అలాస్కా అమెరికాలోదే కదా, కెనడా వీసా ఎందుకని మేము. ఓడ చివరి రోజు సాయంత్రం కెనడాలోని విక్టోరియా రేవులో ఆగుతుంది, దిగినా దిగకపోయినా వీసా ఉండి తీరాలి అని ఆమె. ఎంత బతిమాలినా లాభం లేకపోయింది.

తరువాత తెలిసింది. అమెరికాలో 1886 నాటి చట్టం ఒకటి ఉంది. పరదేశపు జెండా కట్టిన ఓడ అమెరికా రేవులో ప్రయాణికులను ఎక్కించుకుని, మరే దేశపు రేవూ తాకకుండా అమెరికా రేవుల మధ్యనే తిప్పకూడదు. పెద్ద విహార నౌకలు దాదాపు అన్నీ బహామాస్, పనామా వంటి దేశాల జెండాలు కట్టుకున్నవే. అందుకని సియాటిల్ నుంచి వెళ్ళే అలాస్కా ఓడలు తప్పనిసరిగా కెనడా రేవు ఒకటి తాకుతాయి. ఈ సంగతి టిక్కెట్టుతో పాటు వచ్చిన కాగితాల్లో రాసే ఉంది. తనకు అవసరం లేదు కనుక అబ్బాయి కళ్ళకు అది ఆనలేదు. మేము చదవనే లేదు. తప్పు ఎవరిదో కాదు, మాదే.

అబ్బాయి తానూ ఆగిపోతానన్నాడు. మావారు సామాను దించేయమన్నారు. వదిన ఒప్పుకోలేదు. "ఒరేయ్ నాన్నా, నాలుగు టిక్కెట్ల డబ్బూ సముద్రంలో పోస్తావా? మీ నాన్న మోకాళ్ళు ఇంకెన్నాళ్ళు మాట వింటాయి? నన్ను ఇంటికి పంపించి మీరు వెళ్ళండి" అన్నారు. కోడలు కారు వేసుకుని వచ్చింది. వదిన పట్టుచీరతో కారెక్కి, కిటికీలోంచి చేయి ఊపారు. ఓడ కదిలే వేళకు నేను పైకి పోలేదు, గదిలోనే కూర్చున్నాను.

భోజనాల గదిలో మాకు ఆరు కుర్చీల బల్ల ఇచ్చారు. మాతో పాటు బెంగుళూరులో స్థిరపడిన తెలుగు దంపతులు. వాళ్ళకది ఏడో ఓడట. "ఆ కుర్చీ ఎవరిదండీ?" అని ఆయన అడిగారు. చెప్పాను. ఆయన కాసేపు ఊరుకుని, "అక్కయ్యగారూ, మా రెండో ప్రయాణంలో మేమూ ఇలాగే ఒక రేవులో మిగిలిపోయాం" అన్నారు. ఊరు చూడటానికి సొంతంగా టాక్సీ మాట్లాడుకుని వెళ్ళారట. దారిలో వాహనాలు నిలిచిపోయాయి. తిరిగి వచ్చేసరికి ఓడ కనుచూపు మేరలో పోతోందట. విమానం ఎక్కి తరువాతి రేవులో అందుకున్నారు. ఓడలోనే బేరం చేసుకున్న షికారు అయితే, ఆలస్యమైనా ఓడ వాళ్ళే మనల్ని చేర్చే బాధ్యత తీసుకుంటారు. ధర మాత్రం ఎక్కువ. "ఎంత ఎక్కువైనా సరే, నేను ఓడ వాళ్ళ దగ్గరే కొంటాను" అన్నది ఆయన సిద్ధాంతం.

పక్క బల్ల దగ్గర ఒక అమెరికన్ పెద్దావిడ ఉండేది. నర్సుగా పనిచేసి రిటైరైందట. భర్త పోయాక ఏటా ఒక ఓడ ఎక్కుతోంది. ఆవిడ అభిప్రాయం వేరు. రేవు నుంచి నడిచి చూడగలిగిన ఊళ్ళో పైసా ఖర్చు పెట్టనవసరం లేదు, దూరం పోవలసి వస్తేనే ఓడ వాళ్ళ షికారు కొనాలి, సొంతంగా ఎక్కడికి వెళ్ళినా ఓడ కదలడానికి రెండు గంటల ముందే రేవులో ఉండాలి అంటుంది. ఆవిడ మాటే మాకు నచ్చింది. అలాస్కా గడియారం సియాటిల్ కంటే ఒక గంట వెనక. మన ఫోను ఒక వేళ, ఓడ ఒక వేళ చూపిస్తే ఓడ వేళనే నమ్మాలని కూడా ఆవిడే చెప్పింది.

గది విషయంలో కూడా ఇద్దరికీ పడలేదు. బెంగుళూరు వారు బాల్కనీ లేని గది తీసుకోరు. నర్సమ్మ మాత్రం కిటికీ కూడా లేని లోపలి గదిలో, అదీ కింది అంతస్తులో, ఓడ నడిమిన ఉండాలంటుంది. ఊపు అక్కడే తక్కువట. నిజమే. మొదటి రోజు ఓడ బయటి సముద్రంలో పడగానే పై అంతస్తులో ముందువైపున్న మా గది ఉయ్యాలైంది. మావారికి నిమ్మకాయ తొక్క వాసన చూపిస్తూ కూర్చున్నాను. వాంతుల మాత్ర ఊపు మొదలయ్యాక కాదు, ముందే వేసుకోవాలి. అది కూడా బయలుదేరక ముందే మన డాక్టరును అడిగి.

మూడో రోజు జూనో. అలాస్కా రాష్ట్ర రాజధాని అదే అయినా, బయటి ఊళ్ళతో కలిపే రోడ్డు లేదు. ఓడ ఎక్కాలి, లేదా విమానం. జనాభా సుమారు 32 వేలు. వచ్చే జనాన్ని తట్టుకోలేక, రోజుకు అయిదు పెద్ద ఓడలకు మించకూడదని ఊరివాళ్ళు నౌకా సంస్థలతో ఒప్పందం చేసుకున్నారు. 2024 నుంచే అది అమలులోకి వచ్చింది. అంటే అయిదు ఓడల జనం ఒకే ఊరి మీద పడటం ఇంకా ఉందన్నమాట. మెండెన్‌హాల్ హిమానీనదం దగ్గర బస్సు కోసం వరుసలో నిలబడి, మనమూ ఆ రద్దీలో ఒకరమే కదా అనుకున్నాను.

నాలుగో రోజు స్కాగ్వే. 1897లో బంగారం కోసం వేల మంది ఇక్కడే దిగి కొండలెక్కారు. తిండి లేక చస్తారని, ఏడాదికి సరిపడా సరుకులు వెంట ఉంటేనే కెనడా పోలీసులు సరిహద్దు దాటనిచ్చేవారు. అది సుమారు ఒక టన్ను బరువు! మూటలు కొంచెం కొంచెంగా మోసుకుంటూ ఒకే కొండను పదేపదే ఎక్కేవారు. ఆ కష్టం తప్పించడానికి వేసిన రైలు మార్గం 1900లో పూర్తయింది. ఇప్పుడు ఆ రైలు మనలాంటి వాళ్ళను ఎక్కించుకుని, ఇరవై మైళ్ళలో సుమారు 2,900 అడుగులు పైకి పోతుంది. మావారు రైల్వేలో రిటైరయ్యారు. పట్టాల మధ్య వెడల్పు మూడు అడుగులే అని తెలియగానే ఆయన ముఖం వెలిగింది. మన పర్లాకిమిడి చిన్న రైలు కూడా 1900లోనే మొదలైంది, వెడల్పు రెండున్నర అడుగులు. "మన మహారాజుగారి రైలుకు ఇది అన్నగారు" అని బోగీలో అందరికీ చెప్పారు. శిఖరం మీద రెండు దేశాల జెండాలు కనిపించాయి. సరిహద్దు అదే. మేమెవరమూ మాట్లాడలేదు.

అయిదో రోజు గ్లేసియర్ బే. అది జాతీయ వనం. రోజుకు రెండు పెద్ద విహార నౌకలకే ప్రవేశం. వనం ఉద్యోగులే ఓడ ఎక్కి, మైకులో విశేషాలు చెబుతారు. 1794లో కెప్టెన్ వాంకూవర్ మనుషులు వచ్చినప్పుడు అక్కడ అఖాతం దాదాపు లేదు, ముఖద్వారం దగ్గరే మంచుగోడ అడ్డంగా ఉంది. 1879లో జాన్ మ్యూర్ వచ్చేనాటికి ఆ మంచు నలభై మైళ్ళకు పైగా వెనక్కి పోయింది. అంటే మా ఓడ నడిచిన నీళ్ళు ఒకప్పుడు గట్టి మంచు. మార్జరీ హిమానీనదం ముందు కెప్టెన్ ఓడను నిలిపి, రెండు వైపుల వాళ్ళకూ కనబడాలని మెల్లగా తిప్పాడు. నీటి మీద సుమారు 250 అడుగుల ఎత్తు, మైలు వెడల్పు గల గోడ. మంచు తెల్లగా ఉంటుందనుకున్నాను. నీలంగా ఉంది. ఉతుకు నీళ్ళలో వేసే నీలిమందు రంగు. ఒక ముక్క జారి నీళ్ళలో పడింది. పడటం ముందు కనిపించి, చప్పుడు తరువాత వినిపించింది. వేల మంది ఉన్న ఓడలో ఎవరూ నోరు మెదపలేదు. అబ్బాయి ఫోను తీసి అత్తకు చూపించబోయాడు. అందలేదు.

తరువాత వానల ఊరు కెచికాన్ చూశాము. చివరి సాయంత్రం విక్టోరియా. అందరూ దిగి వెళ్ళారు. మాకు దిగబుద్ధి కాలేదు.

ఇంటికి రాగానే వదిన ముందు అడిగిన మాట, "మంచు ఏ రంగులో ఉందే?" అని. నీలం అని చెప్పాను. "నీలమా!" అని ఆశ్చర్యపోయి, మిగతాదంతా నాచేత గంటసేపు చెప్పించుకున్నారు.

ఇక, వెళ్ళదలచుకున్న వారికి నాలుగు మాటలు. టిక్కెట్టు కొనే ముందే ఓడ ఆగే ప్రతి రేవు పేరూ రాసుకుని, ఆ దేశానికి మీ పాస్‌పోర్టు మీద, అంటే పిల్లల పాస్‌పోర్టు మీద కాదు, వీసా కావాలేమో చూసుకోండి. మధ్యలో వేరే దేశం తాకి తిరిగి వస్తే మళ్ళీ కొత్తగా ప్రవేశించినట్టే. కనుక వీసా ఒక్కసారికేనా, పలుసార్లకా అన్నది కూడా చూడాలి. ఓడ ఎక్కవలసిన ఊరికి ఒక రోజు ముందే చేరుకోండి. మందులు, కళ్ళజోడు, ఒక జత బట్టలు చేతిసంచిలోనే ఉంచుకోండి, పెద్ద పెట్టెలు గదికి చేరేసరికి సాయంత్రమవుతుంది. టిక్కెట్టు ధరే మొత్తం ఖర్చు కాదు. సేవకుల బహుమానం రోజుకు మనిషికింత చొప్పున, ఇంటర్నెట్, షికార్లు అన్నీ వేరు. ఓడలో వైద్యానికి బిల్లు గట్టిగానే ఉంటుంది. కనుక వైద్యానికీ, ఒడ్డున ఆసుపత్రికి తరలించడానికీ సరిపడే బీమా లేకుండా పెద్దవాళ్ళు ఎక్కకూడదు. శాకాహారులమని టిక్కెట్టు కొన్నప్పుడే చెబితే, మన వంటలు రోజూ ఏదో ఒకటి చేసి పెట్టారు. ఇంట్లో వండినవి ఎక్కనివ్వరు. మూత తీయని పొట్లాల సంగతి ముందే అడగండి.

ఒక ఊరిని బాగా తెలుసుకోవాలంటే ఓడ పనికిరాదు, ఎక్కడా కొన్ని గంటలే. పెట్టె ఒకసారి విప్పి, మోకాళ్ళకు శ్రమ లేకుండా లోకం చూడాలనుకునే వయసు వారికి ఇంతకంటే సుఖమైన ప్రయాణం నేను చూడలేదు.

2025 జూలైలో విశాఖపట్నం నుంచి పుదుచ్చేరి మీదుగా చెన్నైకి ఒక విహార నౌక వెళుతోందని తెలిసింది. దానికి వీసాల గొడవ లేదు. వదినను తీసుకుని బరంపురంలో రైలెక్కాము. విశాఖ రేవులో ఆధార్ కార్డు చూపించే చోట ఆవిడ నా చేయి గట్టిగా పట్టుకున్నారు. కార్డు చూసి, "వెళ్ళండమ్మా" అన్నాడు అబ్బాయి. అప్పుడు వదిలారు. వర్షాకాలపు బంగాళాఖాతం కదా, బాగానే ఊగింది. నేను మంచం దిగలేదు. ఆవిడ పట్టుచీరలో పైన తిరుగుతూనే ఉన్నారు.

పుదుచ్చేరి దగ్గర ఓడ ఒడ్డుకు దూరంగా నిలిచింది. దిగేవాళ్ళను చిన్న పడవల్లోకి దించుతున్నారు. వదిన కడ్డీ పట్టుకుని కిందికి చాలాసేపు చూశారు. "ఇలాగేనే, మా తాతగారు చెప్పేవారు" అన్నారు. తరువాత, "కెనడా వీసాకు ఫోటోలు ఎన్ని కావాలో అబ్బాయిని కనుక్కో" అన్నారు.