మూడో ఇరుసు మీద భద్రాద్రికి

తెల్లవారుజామున ఐదింటికి ఖమ్మంలో బస్సెక్కి కూర్చున్నాం. అయినా కదలదే! చూస్తే డ్రైవరు వెనక చక్రాల దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఒక చేతిలో టార్చిలైటు, మరో చేతిలో షేవింగ్ బ్రష్షు, పక్కన సబ్బునీళ్ల మగ్గు. ఇంజిన్ పది నిమిషాలు తిప్పి ఆపేశాడట... గాలి ఎక్కడైనా 'సుయ్' మంటుందేమో వినడానికి.

‘‘మీకు రాముడి దర్శనం. నాకు ముందు దీని దర్శనం సార్’’ అన్నాడు నవ్వుతూ.

అది మామూలు బస్సు కాదు, ఇల్లు. ఓ గ్రానైటు వ్యాపారి పాత మల్టీ యాక్సిల్ బస్సు కొని మంచాలు, వంటగట్టు, బాత్రూమ్ కట్టించుకున్నారు. నడుంనొప్పితో కూర్చోలేని వాళ్లమ్మగారిని యాత్రలకు తిప్పాలన్నది ఆయన కోరిక. 1982లో ఎన్టీఆర్ పాత షెవర్లే వ్యానును చైతన్యరథంగా మార్చి ఊరూరా తిరగడం మనకు తెలిసిందే. ఇప్పటి ఈ రథం మాత్రం దాదాపు 14 మీటర్లు!

గరుడ ప్లస్ ఎక్కినవాళ్లు గమనించే ఉంటారు, వెనకవైపు రెండు ఇరుసులుంటాయి. ముందున్నదానికి అటూఇటూ రెండేసి టైర్లు. ఇంజిన్ తిప్పేది దాన్నే. దాని వెనక ఒక్కో టైరుతో ఉండేదే ట్యాగ్ యాక్సిల్. అది బండిని లాగదు, బరువు మాత్రం మోస్తుంది. 2018లో పరిమితి పెంచాక కూడా మనదేశంలో నాలుగు టైర్ల ఇరుసు మీద 11.5 టన్నులకు మించకూడదు. మిగిలిన భారం పంచుకోవడానికే ఈ మూడోది. పెద్దమ్మగారి మంచం సరిగ్గా దానిపైనే ఉంది.

వైరా జలాశయం మీద తెల్లారింది. తల్లాడ దాటాక డ్రైవరు చెప్పిన మాట నాకు కొత్త. ‘‘ట్రావెల్స్ బస్సుకి ఊరు రాగానే బరువు దిగుద్ది సార్. దీనికి దిగేదే లేదు. జనరేటరు, బ్యాటరీలు, ఫ్రిజ్జు... ఐదొందల లీటర్ల నీళ్లంటే ఐదొందల కిలోలు. ట్యాంకు ఒక పక్కకి పెట్టారనుకోండి, ఆ పక్క బెల్లోకి రోజూ శిక్షే.’’ బెల్లో అంటే కమాన్ పట్టీల బదులు బండిని మోసే గాలి నింపిన రబ్బరు తిత్తి. తిరిగే బస్సుకన్నా నెలల తరబడి షెడ్డులో నిలబడ్డ బస్సుకే దాంతో తంటా ఎక్కువట. మెల్లగా గాలి దిగిపోయి, రబ్బరు మడతపడి, ఆ మడత దగ్గరే పగులుతుంది. అందుకే వాడని రోజుల్లో బండిని స్టాండ్ల మీద నిలబెడతాడు. గాలి ట్యాంకుల్లో చేరిన తేమను వదిలేస్తాడు. మనం ఇల్లు కట్టుకుని తాళం వేస్తే బూజే పడుతుంది, ఇక్కడ అంతకుమించి!

కొత్తగూడెం దాటాక బొగ్గు లారీల వరస. స్పీడ్‌బ్రేకర్ ఎక్కినప్పుడల్లా వెనక 'టక్'. పాల్వంచలో ఓ లారీ షెడ్డు ముందు ఆపేశాడు. 2024 ఆగస్టులో ఎనిమిది పాత కూలింగ్ టవర్లను కూల్చేశాక ఆ ఊరి ఆకాశం బోసిగా కనిపిస్తోంది. మెకానిక్ జాకీ పెట్టి, దాన్ని నమ్మకుండా కింద స్టాండ్లు వేసి అప్పుడు దూరాడు. గాలి మీద నిలబడ్డ బస్సు కిందికి తల పెట్టకూడదని కుర్రాడికి కేకలు కూడా వేశాడు. తిత్తి పగిలితే బండి ఒక్కసారిగా కూలబడుతుంది మరి.

స్టెబిలైజర్ బార్ అంటే రెండు పక్కలనూ కలిపే వంపు ఉక్కు కడ్డీ. మలుపులో బండి ఒక పక్కకి ఒరిగితే అది మెలితిరిగి ఆ ఒరుగుడును అడ్డుకుంటుంది. దాన్ని పట్టి ఉంచే లింకుల రబ్బరు బుష్‌లు అరిగితే ఆ పట్టు సడలుతుంది. రాడ్డుతో ఎత్తి చూస్తే ఎడమ లింకు వదులుగా ఆడుతోంది. కుడిది బాగానే ఉన్నా రెండూ మార్పించాడు. గంటన్నర, మూడు టీలు.

ఆ తర్వాత టేకు చెట్ల మధ్య ప్రయాణం హాయిగా సాగింది. సారపాక దాటి 1965 నాటి వంతెన చూడగానే పెద్దమ్మగారు మంచం మీదే చేతులు జోడించారు. 2022 జులైలో 71.3 అడుగులకు పొంగిన గోదావరి ఇదేనా అనిపించేంత నెమ్మదిగా ఉంది.

దర్శనమయ్యాక వ్యాపారిగారికి మారేడుమిల్లి మీద మనసైంది. పట్టణం దాటితే ఎటపాక. 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన ప్రాంతం. అక్కడినుంచి చింతూరు, ఆపైన ఘాట్ రోడ్డు. ‘‘చీకటి పడేలోపు వెళ్లిపోదాం’’ అన్నారాయన. డ్రైవరు మళ్లీ సబ్బునీళ్లు కలిపాడు. ట్యాగ్ యాక్సిల్ కుడి బెల్లో మడత దగ్గర ఒకే ఒక్క బుడగ. పొద్దున లేదది!

‘‘ఈ బుడగతో ఘాటెక్కను సార్. అది పోతే బరువంతా ముందు ఇరుసు మీద పడుద్ది, బండి కుడికి ఒరుగుద్ది. పెద్దమ్మ పడుకునుంటది.’’

‘‘ఇంత దూరం వచ్చింది కదయ్యా...’’

‘‘వచ్చింది చదును రోడ్డు మీద సార్. చింతూరు దాటాక ఈ సామాను దొరకదు.’’

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తాళం చెవి డ్రైవరు జేబులోనే ఉంది. వ్యాపారిగారు ఫోను తీసి హైదరాబాద్‌కు చేశారు. బెల్లో ఆర్టీసీ పార్సిల్లో మర్నాడు మధ్యాహ్నానికి వచ్చింది. ఈలోగా పెద్దమ్మగారు రెండోసారి రాముణ్ని చూసొచ్చారు.

బిగింపు అయ్యాక యాభై కిలోమీటర్లు ఉత్తినే తిప్పి తెచ్చాడు. ఆపగానే ట్యాగ్ యాక్సిల్ హబ్‌ల దగ్గరకు చేయి పోనిచ్చి వేడి చూశాడు. కిటికీలోంచి పెద్దమ్మగారు అడిగారు, ‘‘జ్వరం తగ్గిందా నాయనా?’’

‘‘తగ్గింది పెద్దమ్మా. రేపు పొద్దున్నే పోదాం.’’