బ్రోకెన్ కొండ మీద

జర్మనీలో హార్ట్స్ అడవుల నడుమ 1141 మీటర్ల ఎత్తున ఉంది బ్రోకెన్ శిఖరం. 1777లో మహాకవి గేటే టోర్ఫ్‌హౌస్ నుంచి ఎక్కిన కొండ. తిరుపతి మెట్లెక్కిన కాళ్ళు గదా, ఎనిమిది కిలోమీటర్ల దారిని నేను లెక్కచెయ్యలేదు. దారి పొడుగునా పురుగు తిన్న స్ప్రూస్ చెట్లు మోళ్ళై నిలుచున్నాయి.

నాతో వచ్చిన ముసలాయనది టోర్ఫ్‌హౌసే. అది పశ్చిమ జర్మనీలో ఉండేది. కొండ తూర్పు జర్మనీలో. 1961 నుంచి శిఖరం మీద సైనికుల కాపలా. ఎదురుగా కొండ; ఎక్కే వీలు లేదు. 1989 డిసెంబరు 3న జనం పట్టుబట్టి తలుపులు తెరిపించారు.

రొప్పుతూ పైకి చేరితే ఏముంది? పొగమంచు! ఏడాదిలో మూడువందల రోజులు ఇదే వరసట. నేను ఉసూరుమన్నాను.

"కొండను కింద నుంచి ఇరవయ్యెనిమిదేళ్ళు చూశాను, మాస్టారూ!" అంటూ ఆయన తాపీగా బండ మీద చతికిలబడి, రొట్టె పొట్లం విప్పి సగం నాకిచ్చాడు.