గుజరాతీ గల్లీలో మా వెదకులాట

బెజవాడలో రాత్రి రైలెక్కి, తెల్లవారేసరికి నాంపల్లిలో దిగాము. మా చేతిసంచిలో కాలిపోయిన రెండు కండెన్సర్లు, వాటి విలువలు రాసిన ఒక కాగితం ముక్క ఉన్నాయి. నాన్నగారి పాత కంప్యూటరుకు విడిభాగాలు వెదకడానికి అన్నదమ్ములమిద్దరం కలిసి బయలుదేరాము.

ఆ కంప్యూటరు సంగతి కొంచెం చెప్పాలి. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఏకార్న్ అనే సంస్థ 1981 డిసెంబరులో బీబీసీ మైక్రో అనే యంత్రాన్ని విడుదల చేసింది. సామాన్య జనానికి కంప్యూటరు నేర్పాలని బీబీసీ తలపెట్టిన కార్యక్రమం కోసం తయారైన యంత్రమది. మా ఇంట్లో ఉన్నదాని జ్ఞాపకశక్తి 32 కిలోబైట్లు మాత్రమే. దానిని రూపొందించిన సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ గార్లే ఆ తరువాత ఆర్మ్ ప్రాసెసర్‌ను తయారుచేశారు. ఈనాడు మన జేబుల్లోని సెల్‌ఫోన్లు దాని సంతతితోనే నడుస్తున్నాయి.

1984లో మన కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ‘క్లాస్’ పథకం కింద ఈ యంత్రాలు మన హైస్కూళ్లకు వచ్చాయి. నాన్నగారు అప్పుడు మిషను హైస్కూలులో లెక్కల మాస్టారు. శిక్షణకు వెళ్లివచ్చి పిల్లలకు నేర్పారు. తరువాత స్కూలువారు పాత సామాను వేలం వేసినప్పుడు, తమ సొంత డబ్బుతో ఆ యంత్రాన్ని కొని ఇంటికి తెచ్చుకున్నారు.

అమ్మ ప్రభువునందు నిద్రించిన తరువాత నాన్నగారు మాటలు బాగా తగ్గించేశారు. ఒక సాయంత్రం ఏమి తోచిందో, అటక మీది నుండి ఆ పెట్టె దింపించి ప్లగ్గు పెట్టారు. కొద్ది నిమిషాలకే చిటపటమని శబ్దం, ఘాటైన పొగ! మేము పరుగున వెళ్లి ప్లగ్గు పీకాము. “నా చేతులతోనే కాల్చేశానురా. ఇందులో మీ అమ్మ కూడా ఉంది” అన్నారాయన. ఆ మాట మాకు అర్థం కాలేదు. అడగడానికి ధైర్యం చాలలేదు.

మా ఊరి టీవీ మెకానిక్కు పెట్టె విప్పి చూశాడు. పెద్ద బోర్డుకు ఏమీ కాలేదు. కరెంటు లోపలికి వచ్చే చోట ఉన్న రెండు కండెన్సర్లు మాత్రం పగిలి నల్లబడ్డాయి. “ఇవి ఇక్కడ దొరకవండి, కోఠీలో వెదకండి” అన్నాడు.

నాంపల్లిలో మెట్రో ఎక్కితే రెండవ స్టేషను ఉస్మానియా మెడికల్ కాలేజీ. అక్కడ దిగితే కోఠీ. ఒకనాడు కిర్క్‌పాట్రిక్ దొర కట్టించిన రెసిడెన్సీ భవనం, ఆ తరువాత ఎన్నో ఏళ్లు మహిళా కళాశాలగా నడిచినది, ఇక్కడే ఉన్నది. ఆ రద్దీలో నుండి అడుగుతూ అడుగుతూ గుజరాతీ గల్లీకి చేరాము. ఇరుకు సందు. ఇరువైపులా చిన్న చిన్న కొట్లు. తీగల చుట్టలు, ట్రాన్స్‌ఫార్మర్లు, పప్పుదినుసుల్లాగా డబ్బాల్లో పోసిన విడిభాగాలు!

మొదటి కొట్లో ఫ్యాను కండెన్సరు చూపించారు. రెండవ కొట్లో 400 వోల్టులదొకటి ఇచ్చి, ఇదే సరిపోతుందన్నారు. తీసుకోబోయాము గాని, మెకానిక్కు రాసిన ‘ఎక్స్‌2’ అన్న గుర్తు దానిమీద కనబడలేదు. ఇలా మధ్యాహ్నం వరకు తిరిగాము.

చివరకు సందు మలుపులో ఒక పెద్దాయన మా కండెన్సరును అద్దం పెట్టి చూశారు. జరిగినదంతా చెప్పాము. ఆయన నవ్వి, “మీ నాయన తప్పేం లేదు బాబూ. దీని లోపట కాయితం ఉంటది. ఏండ్లకేండ్లు గాలిలో తేమ తాగుతది, పైన పెంకు పగులుతది. ఎవరు ప్లగ్గు పెట్టినా పొగే వస్తది” అన్నారు. మరి 400 వోల్టులది ఎందుకు పనికిరాదని అడిగాము. “అది డీసీ లెక్క. ఇది రాత్రీ పగలూ మెయిన్ కరెంటు మీద నిలబడాలె. ఎక్స్‌2, 275 వోల్టుల ఏసీ అని రాసి ఉంటెనే పెట్టుండ్రి. లేకుంటె ఇల్లు కాలుతది” అన్నారు.

0.1 మైక్రోఫారడ్‌ది ఒకటి, 0.01ది ఒకటి డబ్బాలో నుండి ఏరి ఇచ్చారు. కాగితంవి కావు, ప్లాస్టిక్ పొరవి. రెండింటి ఖరీదు మా రైలు టిక్కెట్టులో పదోవంతు కూడా లేదు. ప్లగ్గు తీసినా లోపల కరెంటు కొంతసేపు నిలిచి ఉంటుంది గనుక, పని తెలిసినవారి చేతనే వేయించమని మరీమరీ చెప్పి పంపారు.

ఇంటికి రాగానే నాన్నగారికి మొదట ఆ పెద్దాయన మాటే చెప్పాము. “నా తప్పు కాదన్నాడా?” అని రెండుసార్లు అడిగారు.

మెకానిక్కు వచ్చి టంకం వేశాడు. స్విచ్చి నొక్కగానే యంత్రం రెండు స్వరాలు పలికింది. టీవీ తెరమీద ‘బీబీసీ కంప్యూటర్ 32కె’ అన్న అక్షరాలు! నాన్నగారు వణికే చేతులతో ఒక పాత క్యాసెట్టు పెట్టారు. ‘సర్చింగ్’ అని కనబడింది. చాలాసేపు చూశాము. చివరకు ‘డేటా?’ అని వచ్చింది. మళ్లీ తిప్పి పెట్టినా అంతే. టేపు పాడైపోయింది.

మేము తల వంచుకున్నాము. అప్పుడు నాన్నగారు నోరు విప్పారు. ఆ టేపులో సండేస్కూలు పిల్లల కోసం రాసిన బైబిలు క్విజ్ ప్రోగ్రాము ఉందట. ప్రశ్నలన్నీ అమ్మ వంటింట్లో నుండి చెబుతుంటే ఆయన టైపు చేశారట. “మొదటి ప్రశ్న నోవహు కుమారుల గురించి” అంటూ మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఆయన చెప్పసాగారు, మనుమరాలు టైపు చేయసాగింది. ఆ రాత్రి పదకొండు ప్రశ్నలు జ్ఞాపకం వచ్చాయి. అమ్మను గూర్చి అన్ని మాటలు ఆయన నోట విని ఎంతకాలమైందో!

శరీరములో బలహీనముగా కనబడే అవయవములే మరి అవసరమైనవని పౌలు కొరింథీయులకు రాశాడు. వేలెడంత లేని ఆ రెండు ముక్కలను చూసినప్పుడు మాకు ఆ మాట గుర్తుకు వచ్చింది. యంత్రం పాతదైపోయింది, ఇక పనికిరాదు అనుకున్నాము. మన ఇళ్లలోని పెద్దవారి విషయంలో కూడా అలాగే అనుకుంటున్నామేమో! వారి దగ్గర ఒక పూట కూర్చుని అడిగితే చాలు. ఇంకా ఎన్ని ప్రశ్నలు జ్ఞాపకం వస్తాయో ప్రభువుకే ఎరుక.