వాటము

ఇల్లు కట్టువారు వీథిగోడకు రంగులు వేయింతురు. అతిథులు కూర్చుండు గదికి చలువరాళ్లు పఱపింతురు. స్నానపుగదికి మాత్రము మిగిలిన ధనమును, మిగిలిన శ్రద్ధయు దక్కును. విశాఖపట్టణమున ద్వారకానగరమందలి మా యింట గొట్టములు వేసిన పనివాఁడు నేలవాటమును నీళ్లజాలివైపునఁ గాక గుమ్మమువైపున నుంచి పోయెను. ఆఱు మాసములలో క్రిందియింటివారి కప్పు చెమ్మగిల్లెను.

మఱల నేల త్రవ్వించితిమి. రెండవ మేస్త్రీ పలక లూడఁదీసి చూపఁగా, ఒక యతుకునకు జిగురు చాలలేదు. జాలిక్రింద ట్రాపే లేదు. ఆ వంపుగొట్టమున నిలుచు రెండంగుళముల నీరే మురుగు దుర్గంధము ఇంట దూఱకుండఁ గాచు కావలి. లండనున గడియారములు చేయు అలెగ్జాండరు కమ్మింగు 1775వ సంవత్సరముననే ఈ వంపుగల మరుగుదొడ్డికి పేటెంటు పొందెను! మేస్త్రీ నేలకు అడుగునకు పావంగుళము వాటముంచి, పలకలు పఱచుటకు ముందే జాలి మూసి, నీరు నింపి, ఒక దినము నిలిపి చూచెను. క్రింద చుక్కయు రాలలేదు.

మొదటివానిని నిందించుట సులభము. ఆతనికి ఈ విద్య నేర్పిన దెవరు? ఐ.టి.ఐ.లలో దీనిని ఒక యేఁడు నేర్పుదురు; అప్రెంటిసుల చట్టము 1961లోనే వచ్చినది. అయినను చదువుకొన్న గృహస్థుఁడు తన కుమారుని ఆ బడికిఁ బంపునా? మురుగు నంటినవాఁడు తక్కువవాఁడను తలంపు మనల నింకను విడువలేదు. మన్నన లేనిచోట నేర్పు నిలుచు టెట్లు?

చదువరులారా! పనివానిని పిలిచినపుడు కూలి బేరమాడుటకు ముందు నీటిపరీక్ష జరుపుదువా యని యడుగుఁడు. జరిపినవానికి కుర్చీ వేసి, అడిగిన కూలి నిండుగా నిచ్చి పంపుఁడు.