కడోదరా కూడలిలో చక్రాల పరీక్ష

సూరత్‌కు తూర్పున, బార్డోలీ వెళ్ళే మార్గం ముంబయి–అహమ్మదాబాదు రహదారిని దాటేచోట కడోదరా ఉన్నది. చుట్టూ బట్టల మిల్లులు. దారి పొడవునా లారీలు. దూరప్రయాణం చేసే డ్రైవరుకు, క్లీనరుకు ఆ లారీయే ఇల్లు: తిండీ నిద్రా అందులోనే. ఆ ఇంటి భారమంతా టైర్లమీదనే.

వెనుక ఇరుసుకు జంట చక్రాలుంటాయి. లోపలి టైరులో గాలి తగ్గినా, బయటిది బరువు మోస్తూ ఆ లోపాన్ని కప్పిపుచ్చుతుంది. గాలి చాలని టైరు ప్రక్కభాగం పదేపదే వంగి, వేడెక్కి, తుదకు ప్రేలిపోతుంది. అనుభవజ్ఞుడైన క్లీనరు ఇనుపకడ్డీతో ఒక్కొక్క టైరునే కొట్టి, ధ్వనినిబట్టి తేడా పసిగడతాడు. చెవి మంచిదే, గేజి మరింత నమ్మదగినది. అదీ టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. పరుగువల్ల వేడెక్కిన టైరు సహజంగానే ఎక్కువ ఒత్తిడి చూపుతుంది. అప్పుడు గాలి తీసివేయడం ప్రమాదాన్ని కొనితెచ్చుకోవడమే.

పడకలు, వంటగది అమర్చిన విహారవాహనాల చిక్కు వేరు. నెలల తరబడి కదలక నిలిచినందున వాటి టైర్లు అరగకుండానే ముసలివవుతాయి. రబ్బరు గట్టిపడి, బీటలు వారుతుంది. ప్రక్కభాగాన ముద్రించిన నాలుగంకెలు వయస్సు తెలుపుతాయి: 2319 అంటే 2019లో 23వ వారపు తయారీ. స్టెప్నీమీది అంకెలను మాత్రం చాలామంది అది అవసరపడే రోజుదాకా చూడరు.