షోలవరంలో పదకొండో నంబరు

మా కోట, వాకాడు పక్క పిల్లలకు వేగమంటే ఏమిటో ముందే తెలుసు. తూర్పున సముద్రం, దక్షిణాన పులికాట్ సరస్సు, ఆ పక్కన శ్రీహరికోట. 1980 జూలై 18న పొద్దున్నే ఎస్‌ఎల్‌వి-3 రాకెట్ లేచినప్పుడు దుగరాజపట్నం ఇసకలో నిలబడి నోళ్ళు తెరుచుకుని చూసిన గుంపులో నేనూ ఉన్నాను. చూశామంటే ఏం చూశాం? ఓ వెలుగు, దాని వెనక పొగ, తీరిగ్గా వచ్చిన ఉరుము. దాన్ని నడిపిందెవరని అడిగితే పెద్దవాళ్ళు నవ్వారు. అందులో మనిషే లేడంట. అంత వేగంగా పోయేదాని మీద మనుషులెవరూ ఉండరని అప్పుడే ఖాయం చేసుకున్నాను. ఉంటారని తెలియడానికి షోలవరం పోవలసి వచ్చింది.

మా మామకు కోటలో మెకానిక్ షాపు. రాజ్‌దూతులు, యెజ్డీలు, బుల్లెట్లు అక్కడికే వచ్చేవి. 1984లో ఇండ్ సుజుకి, మరుసటేడు హీరో హోండా, యమహా ఆర్‌ఎక్స్ 100 మార్కెట్లోకి వచ్చాక షాపులో మాటలన్నీ వాటి మీదికి మళ్ళాయి. ఏ బండి సంగతి ఎత్తినా చివరికి అందరూ షోలవరం రేసుల దగ్గర తేలేవాళ్ళు. అక్కడ పదకొండో నంబరు బండి మీద ఒకాయన వస్తాడట. వంపులో మోకాలు నేలకు ఆనిస్తాడట. మామ ఆయన్ని ఒక్కసారీ చూళ్ళేదు. ఐనా ఆ మోకాలు గురించి గంటసేపు చెప్పగలడు. ఎనభైల నడుమ ఓ ఏడాది, సంక్రాంతి వెళ్ళాక, “రేయ్ అబ్బయ్యా, నువ్వూ రారా” అన్నాడు. అమ్మ బొమ్మిడాయిల పులుసన్నం క్యారియర్లో సర్దింది. అది నా చేతికొచ్చింది.

షోలవరం మద్రాసు వాళ్ళకు ఊరి బయట. మనకు మాత్రం మద్రాసు కంటే ముందొచ్చే ఊరు. నాయుడుపేటలో మద్రాసు బస్సెక్కితే సూళ్ళూరుపేట, తడ, ఆరంబాకం, గుమ్మిడిపూండి, కవరైపేట, కారనోడై దాటాక వస్తుంది. అప్పుడది 5వ నంబరు జాతీయ రహదారి. ఇప్పుడు 16. మీరు ఆ దారిన పోయేటప్పుడు నేలపట్టులో గూడబాతులను చూడండి. సూళ్ళూరుపేటలో ఎడమకు తిరిగితే శ్రీహరికోట రోడ్డు. చలికాలమైతే ఆ రోడ్డుకు రెండు వైపులా నీళ్ళలో రాజహంసలు నిలబడి ఉంటాయి. 2019 నుంచి రాకెట్లు చూడ్డానికి జనం కోసం గ్యాలరీ కూడా కట్టారు, ముందుగా పేరు నమోదు చేసుకుంటే చాలు. మా రోజుల్లో గ్యాలరీ అంటే ఇసక తిన్నెలే.

తడ దాటాక బోర్డులు మారిపోయాయి. మామ చదవగలిగిన అక్షరాలు అక్కడితో అయిపోయాయి. బస్సులో చెవికి మాత్రం తెలుగు తగులుతూనే ఉంది. గుమ్మిడిపూండిలో ఎక్కిన ఒకామె పక్కామెతో అరవంలో బేరమాడి, కొడుకును తెలుగులో తిట్టింది. మాకు ధైర్యమొచ్చింది. ఆ ధైర్యంతోనే ఊరు దాటిపోయాం. షోలవరం వచ్చిందా అని అడిగిన ప్రతిసారీ కండక్టరు “వరుమ్, వరుమ్” అన్నాడు. వస్తుందంటున్నాడు కదా అని కూర్చున్నాం. పెద్ద చెరువొకటి కనిపించింది. అది రెడ్‌హిల్స్ చెరువనీ, షోలవరం ఎప్పుడో వెనకపడిందనీ పక్క సీటాయన చెప్పాడు.

దిగి టీకొట్టులో కూలబడ్డాం. ఇడ్లీ అడిగితే, వాటి మీదే సాంబారు పోసేసి ఇచ్చారు. మా ఇంట్లో ఇడ్లీ పక్కన కారప్పొడి, నెయ్యి లేకపోతే పళ్ళెం ముట్టం. ఇక్కడ ఇడ్లీ ఎక్కడుందో వేలుతో వెతుక్కోవాలి. ఐనా బాగుంది, మూడోది కూడా వేయించుకున్నాను. కొట్టాయన మా వాలకం చూసి “రేసా?” అని ఉత్తరానికి చెయ్యి చూపించాడు. అటే పోతున్న కుర్రాళ్ళ లారీ ఒకటి మమ్మల్ని ఎక్కించుకుంది. లారీలో అందరిదీ ఒకటే పండగ. వాళ్ళు వాదించుకుంటున్న మాటల్లో నాకు అర్థమైనవి యెజ్డీ, యమహా, పదకొండు.

రేసు మైదానమంటే ఏదో కట్టడం ఉంటుందనుకున్నాను. నిజానికి అది రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల దిగుడు బాట. యుద్ధమయ్యాక ఖాళీగా పడున్న ఆ కాంక్రీటు మీద, 1953లో పుట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు రేసులు పెట్టేది. వంపుల దగ్గర డ్రమ్ములు, గడ్డి మోపులు. చూసేవాళ్ళకు తాళ్ళు, వెదురు బొంగుల అడ్డు. ఆ జనాన్ని చూసి బిత్తరపోయాను. మా ఊళ్ళో అంతమంది ఒకచోట చేరాలంటే తిరునాళ్ళయినా రావాలి, తుఫానయినా రావాలి.

ఆ తర్వాత చప్పుడు మొదలైంది. టూ స్ట్రోకు ఇంజన్లు పాతిక దాకా ఒక్కసారి లేస్తే, కందిరీగల తుట్టె కదిలించినట్టే. రాకెట్ ఉరుము గుండెలో తగులుతుంది, ఇది పళ్ళలో తగిలింది. దాని వెంటే ఒక వాసన వచ్చింది, నాకు బాగా తెలిసిన వాసన. ఆముదం! కడుపు శుభ్రానికని అవ్వ ముక్కు మూసి తాగించే ఆముదం ఈ బండ్లలోంచి ఎట్టా వస్తోందో అర్థం కాలేదు. ఆ రోజుల్లో రేసు బండ్లకు ఆముదం నూనెతో చేసిన ఆయిలు వాడేవాళ్ళు. క్యాస్ట్రాల్ అన్న పేరే ఆముదం ఇంగ్లీషు పేరులోంచి పుట్టింది. ఆ సంగతి అప్పటికి తెలీదు గదా. వాసన ఎక్కడిదో చూద్దామని జనం కాళ్ళ సందుల్లోంచి దూరుకుంటూ పోయి, తల ఎత్తేసరికి మామ లేడు. తాడు కూడా నా వెనకే ఉంది.

అది బండ్లు బాగుచేసుకునే చోటు. ఎవరూ గదమలేదు. ఒక్కో బండి చుట్టూ ఇద్దరు ముగ్గురు, నేల మీద గోనెపట్టా, దాని మీద పానాలు. అచ్చం మా మామ షాపే, కాకపోతే గోడలు లేవు. ఒకాయన గొంతుక్కూర్చుని ప్లగ్గు విప్పి ఎండకు పెట్టి చూస్తున్నాడు. సన్నగా ఉన్నాడు. వేళ్ళ నిండా నల్లటి జిడ్డు. పక్కన బండి మీద 11.

“ఎన్న తంబీ, యారు వేణుం?” అన్నాడు.

“మా మామ కనపళ్ళా” అన్నాను, ఏడుపు ఆపుకుంటూ.

“తెలుగా! ఏ ఊరు నాయనా?”

“కోట.”

“ఏ కోట?”

“నెల్లూరు కోట.”

ఆయన చూపు నా చేతిలో క్యారియర్ మీదికి పోయింది. “నెల్లూరంటే చేపల పులుసే కదా?”

అదండీ పరిచయం. మోకాలు నేలకు ఆనించే ఆయన పెట్రోలుతో చేతులు కడుక్కుని, మళ్ళీ సబ్బుతో కడుక్కుని, నా పక్కన కూర్చుని మా అమ్మ చేసిన పులుసన్నం తిన్నాడు. రాత్రి చేసిన పులుసు పొద్దున్నకు ఇంకా బాగుంటుందని నేను చెబితే తలూపాడు. బొమ్మిడాయి నడిముల్లు ఎట్టా లాగాలో ఆయనకు తెలీదు. నేనే చూపించాను. ఆయన తెలుగు వింతగా ఉంది. మాట తెలుగే, సాగదీత అరవం. ఇంట్లో తెలుగేననీ, చదువు మాత్రం అరవమనీ చెప్పాడు. కారానికి ముక్కు తుడుచుకుంటూనే రెండోసారి కలుపుకున్నాడు. పేరు అడగాలని నాకు తట్టనే లేదు. మాకు ఆయన పేరు పదకొండే.

“ఆ ప్లగ్గులో ఏం చూస్తన్నారన్నా?” అని అడిగాను. నా చేతికిచ్చాడు. నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ పోతున్నట్టు, తెల్లగా ఉంటే తక్కువ పోతున్నట్టు, గోధుమ రంగు వస్తే సరిపోయినట్టు. ఈ బండ్లకు ఆయిలును పెట్రోల్లోనే కలిపి పోస్తారు కాబట్టి పెట్రోలు తగ్గితే ఆయిలూ తగ్గుతుంది. అప్పుడు పిస్టను వేడెక్కి ఉబ్బి సిలిండర్ను పట్టేస్తుంది. వెనక చక్రం బిగుసుకుపోతుంది, మనిషి పడతాడు.

“ఐతే ఎక్కువే పోసుకుంటే?”

“పడను. గెలవను కూడా.”

నేను బిక్కమొహం వేసేసరికి ఎడమ చెయ్యి ముందుకు పెట్టి, చూపుడువేలు, నడిమివేలు వంచి చూపించాడు. బండి ఎంత జోరు మీదున్నా ఆ రెండు వేళ్ళూ క్లచ్చి మీదే ఉంటాయట. ఇంజను గొంతు మారిందని చెవికి తెలిసేలోపు వేళ్ళు లాగెయ్యాలట. క్లచ్చి పడితే ఇంజను ఆగినా చక్రం తిరుగుతుంది. “దీనికే ఎక్కువ ప్రాక్టీసు” అన్నాడు. ఈలోగా మామ చెమటలు కక్కుతూ వచ్చాడు. నా వీపు మీద వెయ్యాల్సిన చెయ్యి, పదకొండో నంబరును చూసి గాల్లోనే నమస్కారమైపోయింది. నెలల తరబడి ఆయన గురించి ఉపన్యాసాలిచ్చిన మనిషికి అప్పుడు ఒక్క మాట పెగల్లేదు. ఖాళీ క్యారియర్ వంక చూసి మాత్రం గుటకేశాడు.

మధ్యాహ్నం పెద్ద రేసు. మేం వంపు దగ్గర చోటు పట్టాం. బండ్లు నేలకు ఒరిగి వచ్చాయి. మోకాలు నిజంగానే ఆనింది. మామ నా భుజం పట్టుకుని ఊపేశాడు. రాజ్‌దూత్ 350ల జోరు అప్పుడే చూశాను. 1983 నుంచి ఎస్కార్ట్స్ వాళ్ళు మన దేశంలో చేసిన ఆ జంట సిలిండర్ల యమహా బండిని మా కోటలో ఎవరూ కొనలేదు, అది తాగే పెట్రోలుకు భయపడి. పదకొండు ముందు మూడోవాడు, తర్వాత రెండోవాడు. ఆ తర్వాత చుట్టులో తిన్నటి బాట మీద, అందరికంటే జోరుగా వస్తుండగా, బండి గొంతు తెగిపోయింది. జనం “ఐయో” అన్నారు. బండి ఓసారి తోక ఊపింది. అంతే, నిలదొక్కుకుని, చప్పుడు లేకుండా జారుకుంటూ పక్కకొచ్చి ఆగింది.

“పోయింది రా, బంగారంలాంటి రేసు పోయింది” అని మామ తల పట్టుకున్నాడు. నేను మాత్రం ఎగురుతున్నాను. “రెండేళ్ళు మామా! రెండేళ్ళు!” అని అరుస్తుంటే, వేళ్ళు అంటున్నానని తెలీక మామ “ఏందిరా రెండేళ్ళు, ఇంకో రెండేళ్ళకు గెలుస్తాడా?” అన్నాడు. ఆయన పడకపోవడం ఎంత గొప్పో అంత జనంలో నాకు తెలిసింది. పోయేదాని మీద మనిషి ఉండటమంటే ఇదన్నమాట. జోరు పెంచేది ఇంజనే కావచ్చు. ఎప్పుడు వదిలెయ్యాలో ఎంచేది మాత్రం ఆ రెండు వేళ్ళే.

ఇప్పుడు రేసులు చూడాలని షోలవరం పోతే మీకు రేసులు కనిపించవు. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాకు కట్టుకుంది. 1990 నుంచి రేసులు అక్కడే. దేశ మోటార్‌సైకిల్ చాంపియన్‌షిప్ పోటీలు ఆ ట్రాకు మీద జరుగుతాయి. 2011లో 125 సీసీ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో బండి తోలిన శరత్ కుమార్ చెన్నై కుర్రాడే. సికింద్రాబాదులో పుట్టిన సినిమా హీరో అజిత్ కూడా కుర్రతనంలో బైకు రేసులు ఆడినవాడే. ఈ మధ్య పోయినప్పుడు ఆడపిల్లలు కూడా తోలు సూట్లు తొడుక్కుని బండ్లు తోసుకొస్తున్నారు. అది చూడ్డానికి మామ ఉండుంటే బాగుండేది.

నెల్లూరు నుంచి పోయేవాళ్ళకు నాలుగు మాటలు. పొద్దున రైలుకు చెన్నై దిగి, బెంగళూరు రోడ్డు బస్సెక్కండి. తిన్నటి బాట దగ్గర కూర్చోకండి, అక్కడ బండి కనపడేలోపే పోతుంది. వంపు దగ్గర నిలబడండి, మనిషి కనిపిస్తాడు. చెవుల్లోకి దూది, తలకు గుడ్డ, సీసా నిండా నీళ్ళు. ఆముదం వాసన కోసం ముక్కు ఎగబీల్చకండి, ఇప్పటి బండ్లు ఫోర్ స్ట్రోకువి. బండ్లు సర్దుకునే చోటికి రానిస్తే తప్పకుండా పోండి. ఒక క్యారియర్ దగ్గరుంచుకోండి. పలకరించేటప్పుడు మొదట తెలుగులోనే పలకరించండి, చెన్నైలో తెలుగు ఏ హెల్మెట్ కింద దాక్కుందో ఎవరికి తెలుసు!